గ్రాఫిక్స్ కార్డుకు వేరే కూలర్: మన ఎండల లెక్కతో ఎంపిక, అమరిక

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ రోజుల్లో తిరుపతిలో స్లాబు కిందే ఉన్న పై అంతస్తు గదిలో సీలింగు ఫ్యాను ఎంత తిరిగినా మధ్యాహ్నం గాలి 36 డిగ్రీలకు దిగడం కష్టం. గ్రాఫిక్స్ కార్డు కూలర్ల మీద వచ్చే సమీక్షల్లోని అంకెలు మాత్రం సాధారణంగా 20 నుంచి 25 డిగ్రీల గదిలో తీసినవి. కూలర్ చేసే పని ఒక్కటే, చిప్పులో పుట్టిన వేడిని గదిలోని గాలికి అప్పగించడం. కాబట్టి దాని సత్తా ఎంతో తెలియాలంటే చిప్పు ఎన్ని డిగ్రీల దగ్గర ఉందని కాక, గది కంటే ఎన్ని డిగ్రీలు పైన ఉందని చూడాలి. 22 డిగ్రీల గదిలో 68 చూపిన కార్డుకు ఆ తేడా 46. అదే కార్డు అదే పనిని 36 డిగ్రీల గదిలో చేస్తే సుమారు 82 దగ్గర నిలుస్తుంది. కార్డు తనంతట తానే వేగం తగ్గించుకునే పరిమితి ఎన్‌విడియా కార్డుల్లో చాలావాటికి 83 డిగ్రీల దగ్గర పెట్టి ఉంటుంది గనుక, సమీక్షలో హాయిగా పనిచేసిన కూలర్ మన ఊళ్లో అంచున నడుస్తుంది.

ఈ లెక్క చూసి వెంటనే పెద్ద కూలర్ కొనేయాలనిపిస్తుంది. కానీ వేరే కూలర్ ఎంపికలో అసలు చిక్కు పెట్టె మీద రాసిన వాట్లలో ఉండదు. మధ్యలో ఉన్న పెద్ద చిప్పును చల్లబరచడం ఏ మంచి హీట్‌సింకుకైనా (వేడిని గాలికి వదిలే లోహపు రెక్కల దిమ్మ) చేతనవుతుంది. దాని చుట్టూ ఉన్న మెమరీ చిప్పులు, కరెంటును మార్చి అందించే వీఆర్ఎం భాగాలు ఏ గతి పట్టాయన్నదే కార్డు ఆయుష్షును నిర్ణయిస్తుంది. ఈ మార్గదర్శిలో ఎంపిక అంతా ఆ రెండింటి వైపు నుంచే చెబుతాను.

1వ మెట్టు: వేడి ఎక్కడుందో కొలవండి

జీపీయూ-జడ్ లేదా హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకుని, మీరు మామూలుగా ఆడే గేమునో చేసే రెండరింగునో అరగంట నడపండి. మూడు అంకెలు రాసుకోవాలి: చిప్పు ఉష్ణోగ్రత, హాట్‌స్పాట్ (చిప్పులో అన్నిటికంటే వేడిగా ఉన్న చోటు) ఉష్ణోగ్రత, మీ కార్డు చూపిస్తే మెమరీ ఉష్ణోగ్రత. పక్కన గది ఉష్ణోగ్రత కూడా రాయండి. అది లేకుండా మిగతా మూడింటికీ అర్థం లేదు.

చిప్పుకూ హాట్‌స్పాట్‌కూ మధ్య 10 నుంచి 15 డిగ్రీల తేడా మామూలే. అది 25 దాటిందంటే చిప్పుకూ హీట్‌సింకుకూ మధ్య పూసే థర్మల్ పేస్టు ఎండిపోయిందనో, హీట్‌సింకు చిప్పు మీద సమంగా కూర్చోలేదనో అనుమానించాలి. కూలర్ చిన్నదై ఉండకపోవచ్చు. మెమరీ జీడీడీఆర్6ఎక్స్ రకానిదైతే అది 110 డిగ్రీల దగ్గర తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. చిప్పు 70 దగ్గర చల్లగా ఉన్నా గేము నత్తనడక నడవడానికి చాలాసార్లు ఇదే కారణం.

తర్వాత క్యాబినెట్ పక్క తలుపు తీసి అదే పరీక్ష మళ్లీ చేయండి. అంకెలు ఒక్కసారిగా ఎనిమిది, పది డిగ్రీలు పడిపోతే తప్పు కార్డు కూలర్‌ది కాదు, క్యాబినెట్‌లోకి చల్లగాలి రావడం లేదు. ముందు అద్దం ఉండి గాలి సందులు లేని క్యాబినెట్లు చూడటానికి బాగుంటాయి గానీ మన ఎండలకు పనికిరావు. అలాంటి దానిలో ఎంత ఖరీదైన కూలర్ పెట్టినా తాను వదిలిన వేడిగాలినే తిరిగి పీల్చుకుంటుంది. ముందు భాగంలో రెండు ఫ్యాన్లు లోపలికి, వెనుక ఒకటి బయటికి పెట్టి చూశాకే ముందుకు వెళ్లాలి.

2వ మెట్టు: ఉన్న కూలర్‌కు చివరి అవకాశం

ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ అనే సాఫ్ట్‌వేర్‌లో పవర్ లిమిట్‌ను, అంటే కార్డు తినగల కరెంటు హద్దును, 100 నుంచి 80 శాతానికి తగ్గించి చూడండి. వేడి ఐదో వంతు తగ్గుతుంది, వేగంలో పోయేది సాధారణంగా అంతకంటే చాలా తక్కువ. ఎండాకాలం రెండు నెలలకే ఇబ్బంది ఉన్నవారికి ఇది చాలు, రూపాయి ఖర్చు లేదు.

ఆపైన శుభ్రం చేయడం. బైపాస్ రోడ్డు పక్కన, కొత్త లేఅవుట్లలో ఉన్న ఇళ్లలో ఎర్రమట్టి ధూళి రెక్కల మధ్య పలకలా పేరుకుంటుంది. రోజూ సాంబ్రాణి వేసే ఇంట్లో ఆ ధూళికి జిడ్డు కూడా తోడవుతుంది కనుక ఊదితే పోదు, కూలర్ విప్పి మెత్తని బ్రష్షుతో తీయాలి. విప్పినప్పుడు చిప్పును దగ్గరగా చూడండి. పాత పేస్టు చిప్పు నడిమధ్యన పలచబడి కింది సిలికాన్ అద్దంలా మెరుస్తూ, అంచుల చుట్టూ మాత్రం గట్టుకట్టి ఉంటే, వేడెక్కి చల్లారే ప్రతిసారీ పేస్టు కొంచెం కొంచెంగా బయటికి నెట్టుకుపోయిందన్నమాట. కొత్త పేస్టు, మెమరీ, వీఆర్ఎంలకూ హీట్‌సింకుకూ మధ్య ఉండే మెత్తని థర్మల్ ప్యాడ్లు అదే మందంలో కొత్తవి వేస్తే ఇలాంటి కార్డు మళ్లీ కొత్తదానిలా పనిచేయవచ్చు. ఇలా నెట్టుకుపోయే ఇబ్బంది ఉన్న కార్డులకు హనీవెల్ పీటీఎం7950 అనే పలుచని పొర మామూలు పేస్టు కంటే ఎక్కువ కాలం నిలుస్తుంది. మొండికేసింది ఫ్యాను ఒక్కటే అయితే అదే మోడల్ ఫ్యాను విడిగా ఆన్‌లైన్‌లో దొరుకుతుంది.

కార్డు ఇంకా వారంటీలో ఉంటే స్క్రూ మీది స్టిక్కరు చింపకముందే కంపెనీ నిబంధనలు చదవండి. కూలర్ విప్పితే వారంటీ పోయినట్టేనని కొన్ని కంపెనీలు అంటాయి, కొన్ని అనవు.

3వ మెట్టు: కార్డు కొలతలు తీసుకోండి

పై రెండు మెట్లూ చాలలేదంటే ఇప్పుడు కొనే పని మొదలవుతుంది. మొదటి కొలత కార్డు తినే కరెంటు. జీటీఎక్స్ 1060కి 120 వాట్లు, ఆర్‌టీఎక్స్ 3060కి 170, ఆర్‌ఎక్స్ 580కి 185, ఆర్‌టీఎక్స్ 3080కి 320 వాట్లు అని కంపెనీలు చెబుతాయి. కార్డు తయారీదారు వేగం పెంచి అమ్మి ఉంటే ఇంకొంచెం ఎక్కువ. కూలర్ పెట్టె మీద 300 వాట్లని ఉంటే మన గదులకు దాన్ని 220, 230గా లెక్కేసుకోవడం నా పద్ధతి; దీనికి సూత్రం ఏమీ లేదు, ఎండకు వదిలిన జాగా అంతే.

రెండోది, అన్నిటికంటే ముఖ్యమైనది, చిప్పు చుట్టూ ఉన్న నాలుగు రంధ్రాల మధ్య దూరం. పదేళ్ల కిందటి కార్డుల్లో 53.3 మిల్లీమీటర్లు, 58.4 మిల్లీమీటర్లు అనే రెండు కొలతలు ఎక్కువ. ఏఎండీ వేగా కార్డుల్లో 64. తర్వాతి తరాల్లో ఇంకా వేరే కొలతలు వచ్చాయి. కూలర్‌తో వచ్చే బిగింపు పట్టీ మీ కొలతకు లేకపోతే ఆ కూలర్ ఎంత గొప్పదైనా మీకు పనికిరాదు. అందుకే ఇంటర్నెట్ జాబితాను నమ్మి ఊరుకోక, కార్డు విప్పినప్పుడే కొలిచి రాసుకోవాలి.

కొలిచే తీరు ఇది. రంధ్రం నడిమధ్య ఎక్కడుందో కంటితో పట్టుకోవడం కష్టం. ఒక రంధ్రం ఎడమ అంచు నుంచి పక్క రంధ్రం ఎడమ అంచు వరకు కొలిస్తే, రెండు రంధ్రాలూ ఒకే వెడల్పువి గనుక వచ్చేది సరిగ్గా మధ్యల మధ్య దూరమే. ఇంట్లో ఇంజనీరింగ్ చదివే పిల్లలుంటే వెర్నియర్ క్యాలిపర్స్ ఉంటుంది. లేకపోతే మంచి స్టీలు స్కేలు చాలు. అడ్డంగా, నిలువుగా తీశాక మూలకు మూల కూడా కొలవండి: చతురస్రంగా 53.3 ఉంటే కర్ణం 75.4 రావాలి, 58.4 అయితే 82.6. ఈ లెక్క కుదిరితే కొలతలో పొరపాటు లేదు.

మూడోది, చిప్పు చుట్టూ లేచి ఉన్న భాగాల ఎత్తు. కెపాసిటర్లు, కాయిల్స్, పవర్ కనెక్టరు ఎంత ఎత్తున ఉన్నాయో చూసి, కొత్త కూలర్ రేకులూ, వేడిని మోసుకెళ్లే హీట్ పైపులూ వాటికి తగులుతాయా అని బేరీజు వేయాలి. ఒకే చిప్పుతో వచ్చిన రెండు కంపెనీల కార్డుల్లో బోర్డు అమరిక వేరుగా ఉంటుంది కనుక, “ఆర్‌టీఎక్స్ 3060కి సరిపోతుంది” అన్న మాటకు విలువ తక్కువ. ఏ కంపెనీ ఆర్‌టీఎక్స్ 3060, ఏ మోడల్ అన్నదే తేలాలి. బోర్డు రెండు వైపులా నాలుగైదు ఫోటోలు వెలుతురులో తీసి ఉంచుకోండి. కొనేటప్పుడు, మళ్లీ బిగించేటప్పుడు అవే దిక్కు.

4వ మెట్టు: ఏ రకం కూలర్

ఉన్న దారులు నాలుగు. మొదటిది పాత హీట్‌సింకును అలాగే ఉంచి, ప్లాస్టిక్ కవరూ దాని చిన్న ఫ్యాన్లూ తీసేసి, 120 మిల్లీమీటర్ల మామూలు క్యాబినెట్ ఫ్యాన్లు రెండు జిప్ టైలతో కట్టడం. దీన్ని డీష్రౌడ్ అంటారు. కార్డుతో వచ్చిన హీట్‌సింకు మెమరీనీ వీఆర్ఎంనూ ప్యాడ్ల ద్వారా ముందే పట్టుకుని ఉంటుంది కనుక, ఆ చిక్కు మనకు అంటదు. చిప్పు నుంచి హీట్‌సింకును విప్పనవసరం కూడా లేని కార్డులు చాలా ఉన్నాయి. చప్పుడు స్పష్టంగా తగ్గుతుంది. ఫ్యాను ఎంపికలో మాత్రం స్టాటిక్ ప్రెషర్ చూడాలి. ఒత్తిడి లేని ఫ్యాను ఇరుకు రెక్కల ముందు పెడితే గోడకు ఎదురుగా పెట్టిన టేబుల్ ఫ్యానులా గాలి వెనక్కే తిరుగుతుంది. ఆర్కిటిక్ పీ12, నాక్టువా ఎన్‌ఎఫ్-ఏ12ఎక్స్25 ఈ పనికి తగినవి. పది మందిలో ఎనిమిది మందికి నేను ఇదే చెబుతాను.

రెండోది పూర్తిగా వేరే ఎయిర్ కూలర్. రైజిన్‌టెక్ మార్ఫియస్, ఆర్కిటిక్ ఆక్సెలెరో ఈ వర్గంలో పేరున్నవి. మార్ఫియస్‌లో పన్నెండు హీట్ పైపులుంటాయి, ఫ్యాన్లు మనమే విడిగా కొనుక్కోవాలి. ఇవి చిప్పును బ్రహ్మాండంగా చల్లబరుస్తాయి. మెమరీ, వీఆర్ఎంల సంగతి మాత్రం మన చేతుల్లో పెడతాయి. ఆ భాగం తర్వాతి మెట్టులో.

మూడోది ఏఐఓ అనే సీలు వేసిన లిక్విడ్ కూలర్‌ను పట్టీతో కార్డుకు బిగించడం. ఎన్‌జడ్‌ఎక్స్‌టీ క్రాకెన్ జీ12 అలాంటి పట్టీయే. అందులో వీఆర్ఎం మీదికి ఊదే 92 మిల్లీమీటర్ల ఫ్యాను ఒకటి ఉంటుంది. అది గుండ్రటి పంపు తల ఉన్న అసెటెక్ రకం ఏఐఓలకే సరిపోతుందని మరవకండి. మన వాతావరణంలో దీనికి ఒక పరిమితి ఉంది: లోపలి ద్రవం గది గాలి కంటే చల్లగా ఎన్నడూ ఉండదు, అది 60 డిగ్రీలు దాటితే పంపుకూ గొట్టాలకూ మంచిది కాదని తయారీదారులు హెచ్చరిస్తారు. 22 డిగ్రీల గదిలో ఆ హద్దుకు 38 డిగ్రీల దూరం, 38 డిగ్రీల గదిలో 22 మాత్రమే. 300 వాట్ల కార్డుకు 120 మిల్లీమీటర్ల రేడియేటరు (ద్రవాన్ని చల్లార్చే భాగం) పెట్టాలనుకునేవారు ఈ లెక్క వేసుకుని 240కి పోవాలి.

నాలుగోది ఫుల్ కవర్ వాటర్ బ్లాకు. చిప్పు, మెమరీ, వీఆర్ఎం అన్నిటినీ ఒకే రాగి పలక కప్పేస్తుంది కనుక పనితనంలో దీన్ని మించింది లేదు. కానీ అది ఒకే ఒక బోర్డు కోసం తయారవుతుంది, పంపు, ట్యాంకు, రేడియేటరు విడిగా కావాలి, కార్డు మార్చినప్పుడల్లా బ్లాకు వృథా. వాటర్ కూలింగే సరదా అయినవారికి తప్ప చెప్పను.

5వ మెట్టు: మెమరీ, వీఆర్ఎం

ఎయిర్ కూలరో ఏఐఓనో ఎంచుకున్నవారు ఈ మెట్టు దగ్గర ఆగి ఆలోచించాలి. పాత కూలర్ తీసేయగానే మెమరీ చిప్పులు, వీఆర్ఎం భాగాలు బట్టలు విప్పినట్టు మిగులుతాయి. కొత్త కూలర్‌తో చిన్న చిన్న అల్యూమినియం హీట్‌సింకులూ, అంటించడానికి డబుల్ సైడ్ థర్మల్ టేపో జిగురో వస్తాయి. టవర్ క్యాబినెట్‌లో కార్డు చిప్పులున్న ముఖం నేల వైపు తిరిగి ఉంటుందని గుర్తుంచుకోండి. అంటే ఆ చిన్న హీట్‌సింకులు తలకిందులుగా వేలాడుతుంటాయి. వేడికి టేపు పట్టు సడలి ఒక్కటి ఊడినా, కింద తిరిగే ఫ్యానులోనైనా పడుతుంది, మదర్‌బోర్డు మీదనైనా పడి షార్టు చేస్తుంది. జిగురు వేస్తే ఊడదు, కానీ మళ్లీ తీయబోతే చిప్పు బోర్డు నుంచి లేచి వచ్చే ప్రమాదం ఉంది.

అందువల్ల నా ఎంపిక క్రమం ఇలా ఉంటుంది. చిప్పు భాగాన్ని విప్పినా మెమరీ, వీఆర్ఎంల మీది పలక బోర్డుకే బిగిసి ఉండే కార్డులు కొన్ని ఉన్నాయి, అలాంటిదైతే నిశ్చింతగా ఎయిర్ కూలర్‌కు వెళ్లవచ్చు. పలక లేకపోతే, వీఆర్ఎంలోని మోస్‌ఫెట్ల వరుసకు స్క్రూతో బిగించే హీట్‌సింకు దొరుకుతుందేమో చూడాలి. అదీ లేకపోతే టేపు అంటించే ముందు చిప్పు ముఖాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో రెండుసార్లు తుడిచి, అంటించాక ఒక్కోదాన్నీ బొటనవేలితో నొక్కి పట్టి, కార్డును ఒక రాత్రి అలాగే బల్ల మీద వదిలేయాలి. మర్నాడు కార్డును తిరగేసి మెల్లగా తట్టండి. ఊడవలసింది అప్పుడే ఊడితే నయం.

ఆర్‌టీఎక్స్ 3090 వంటి కార్డుల్లో 24 మెమరీ చిప్పుల్లో 12 బోర్డు వెనుక వైపు ఉంటాయి. ముందు వైపు ఎంత పెద్ద కూలర్ పెట్టినా ఆ పన్నెండింటికీ ఒరిగేది తక్కువ. అలాంటి కార్డుకు వెనుక పలకకూ చిప్పులకూ మధ్య మంచి ప్యాడ్లు వేసి, పలక మీదికి ఒక ఫ్యాను గాలి తగిలేలా చూడటమే ముందు చేయవలసిన ఖర్చు.

ప్యాడ్ల మందం విషయంలో అర మిల్లీమీటరు కూడా లెక్కే. 1 మిల్లీమీటరు ఉండవలసిన చోట 1.5 వేస్తే ప్యాడ్లు హీట్‌సింకును ఎత్తిపడతాయి, చిప్పుకు అది సరిగా తగలదు, హాట్‌స్పాట్ నూరు దాటుతుంది. పాత ప్యాడ్‌ను నొక్కుడు పడని అంచు దగ్గర కొలవాలి. సందేహమైతే నొక్కితే అణిగే మెత్తని రకం కొనండి.

6వ మెట్టు: క్యాబినెట్‌లో చోటు, ఫ్యానుకు కరెంటు

మదర్‌బోర్డు మీద కార్డులు గుచ్చే ఒక్కో పీసీఐ స్లాటు దూరం 20.32 మిల్లీమీటర్లు. సుమారు 44 మిల్లీమీటర్ల మందమున్న మార్ఫియస్‌కు 25 మిల్లీమీటర్ల ఫ్యాన్లు తగిలిస్తే 69 అవుతుంది. అంటే మూడు స్లాట్లు దాటి నాలుగోదానిలోకి చొరబడుతుంది. కింద వైఫై కార్డు ఉన్నా, చిన్న మైక్రో ఏటీఎక్స్ బోర్డయినా ఇక్కడే బండి ఆగిపోతుంది. కింది ఫ్యానుకూ ఎస్ఎంపీఎస్ మీది రేకుకూ మధ్య కనీసం రెండు వేళ్ల సందు మిగలాలి, లేకపోతే పీల్చుకోవడానికి గాలి ఉండదు. చోటు చాలకపోతే 15 మిల్లీమీటర్ల సన్నని ఫ్యాన్లు ఉన్నాయి. ఇంత బరువు పడినప్పుడు కార్డు కుంగకుండా కింద ఒక ఆధారం పెట్టడం తప్పనిసరి.

కార్డు మీది ఫ్యాను సాకెట్టు నాలుగు పిన్నులదే అయినా మామూలు ఫ్యాను పిన్ను కంటే చిన్నది. మధ్య దూరం అక్కడ 2 మిల్లీమీటర్లు, ఇక్కడ 2.54. మార్పిడి కేబుల్ కొంటే కొత్త ఫ్యాన్ల వేగాన్ని కార్డే నియంత్రిస్తుంది. పాత ఫ్యాన్ల లేబుల్ మీద రాసిన ఆంపియర్ల మొత్తం కంటే కొత్త వాటి మొత్తం మించకూడదు. మదర్‌బోర్డుకు తగిలిస్తే సాధారణంగా ఒక్కో సాకెట్టుకు 1 ఆంపియరు హద్దు, అప్పుడు ఫ్యాన్ కంట్రోల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో వాటి వేగాన్ని కార్డు ఉష్ణోగ్రతకు ముడిపెట్టుకోవచ్చు.

7వ మెట్టు: కొనడం

తిరుపతి, చిత్తూరు దుకాణాల్లో ప్రాసెసర్ కూలర్లు వరుసగా పేర్చి ఉంటాయి గానీ గ్రాఫిక్స్ కార్డు కూలర్ అడిగితే “అది రాదు సార్, పేస్టు మార్చి ఇస్తాం” అన్న జవాబే ఎక్కువ. ప్రాసెసర్ కూలర్‌ను కార్డుకు బిగించే ప్రయత్నం చేయకండి. పేస్టు, ప్యాడ్లు, 120 ఫ్యాన్లు, జిప్ టైలు ఇక్కడే దొరుకుతాయి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌కు మొబైల్ రిపేరు సామాన్లు అమ్మే షాపు నయం. మిగతావాటికి తిరుపతివారికి సప్తగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే చెన్నై రిచీ స్ట్రీటు, చిత్తూరువారికి బస్సెక్కితే బెంగళూరు ఎస్పీ రోడ్డు అందుబాటులోనే ఉన్నాయి. వెళ్లేముందు ఫోను చేసి అడగండి. ఈ కూలర్లలో కొన్ని ఇప్పుడు తయారీలో లేవు, పాతవి చేతులు మారి వస్తుంటాయి. పాతది కొంటే బిగింపు పట్టీలు, స్క్రూలు, వాషర్లు అన్నీ ఉన్నాయో లేదో ఒక్కొక్కటిగా లెక్కపెట్టి తీసుకోవాలి. ఒక్క స్ప్రింగు స్క్రూ లేకపోయినా దానికి బదులు దొరకదు.

8వ మెట్టు: బిగించడం

కరెంటు ప్లగ్గు తీసి, ఒంటి మీది స్టాటిక్ కరెంటు పోయేలా క్యాబినెట్ రేకును తాకి, బల్ల మీద మొదలుపెట్టండి. పాత కూలర్ స్క్రూలన్నీ తీసినా రాకపోతే లాగవద్దు. పేస్టు పట్టేసి ఉంటుంది. కార్డును కాసేపు నడిపి వెచ్చగా ఉన్నప్పుడు విప్పితే మెల్లగా అటూ ఇటూ తిప్పగానే వదులుతుంది. ఫ్యాను తీగ ఇంకా బోర్డుకు తగిలే ఉంటుందని మరచి ఎత్తితే సాకెట్టు ఊడి వస్తుంది, జాగ్రత్త.

గ్రాఫిక్స్ చిప్పుకు ప్రాసెసర్‌లా పైన లోహపు మూత ఉండదు, సిలికాన్ నేరుగా బయటే ఉంటుంది. అందుకే ఒక మూల గట్టిగా బిగించి తర్వాత రెండోదానికి వెళ్తే అంచు చిట్లిపోతుంది. నాలుగు స్క్రూలనూ ముందు వేళ్లతోనే పట్టించి, ఆపైన ఎదురెదురు మూలలను సగం చుట్టు చొప్పున మార్చి మార్చి బిగించాలి. పేస్టును చిప్పు ముఖమంతా పలుచగా పూయండి. అసలు బిగించే ముందు ఒకసారి ఉత్తుత్తిగా బిగించి విప్పి, పేస్టు నాలుగు అంచులదాకా సమంగా అంటిందో లేదో చూడండి. ఒక మూలన అంటకపోతే అక్కడ ప్యాడు మందం ఎక్కువైందనో కెపాసిటరు అడ్డుపడుతోందనో తెలుస్తుంది. లిక్విడ్ మెటల్ జోలికి పోవద్దు. అందులోని గాలియం అల్యూమినియాన్ని తినేస్తుంది, బోర్డు మీద చుక్క పడితే షార్టు.

9వ మెట్టు: పరీక్ష

మొదటిసారి ఆన్ చేసినప్పుడు క్యాబినెట్ తెరిచే ఉంచి, అన్ని ఫ్యాన్లూ తిరుగుతున్నాయో కళ్లతో చూడండి. మొదటి మెట్టులో నడిపిన గేమునే మళ్లీ నడిపి, మొదటి రెండు నిమిషాలు అంకెల మీంచి చూపు తిప్పకండి. చిప్పు 90 వైపు దూసుకుపోతుంటే వెంటనే ఆపేయాలి. బాగుంటే అరగంట పూర్తి చేసి, గది ఉష్ణోగ్రత తీసేసిన తేడాలను పాత తేడాల పక్కన రాసుకోండి. జనవరి రాత్రి తీసిన అంకె చూసి మురిసిపోవద్దు, అది మే మధ్యాహ్నానికి చెల్లదు. చిప్పు 15 డిగ్రీలు తగ్గి మెమరీ 10 పెరిగితే ఈ మార్పు నష్టమే. వెనుక పలక మీదికి ఫ్యాను పెట్టడమో ప్యాడ్లు మార్చడమో చేయాలి.

గదికి నీళ్లు పోసి నడిపే ఎయిర్ కూలర్ వాడే ఇళ్లలో దాన్ని నేరుగా క్యాబినెట్ మీదికి తిప్పవద్దు. గది గాలి నాలుగు డిగ్రీలు తగ్గితే కార్డూ దాదాపు అంతే తగ్గుతుంది, కానీ ఎదురుగా పెడితే తేమ, సన్నని తుంపర లోపలికి పోతాయి. కిటికీ తెరిచి, గది మొత్తం మీదికి తిప్పితే చాలు.

రెండు వారాల తర్వాత నాలుగు స్క్రూలనూ ఒకసారి తాకి చూడండి, ప్యాడ్లు అణిగితే పట్టు కొంచెం సడలుతుంది. టేపుతో అంటించిన హీట్‌సింకులను టార్చి వేసి లెక్కపెట్టండి. పాత కూలర్, దాని స్క్రూలు, ఫ్యాన్లు ఒక కవరులో వేసి కార్డు మోడల్ పేరు రాసి అటక మీద పెట్టండి. కార్డు అమ్మేటప్పుడు కొనేవారు అడిగే మొదటి ప్రశ్న అదే.